బాక్యులాలో డిస్కు తగిలించడం: మీడియా టైప్ దగ్గర దెబ్బ తినకుండా

బాక్యులా అంటే ఆఫీసులో సిస్టమ్స్ అన్నిటికీ బ్యాకప్ తీసే సాఫ్ట్‌వేర్, దాన్ని ఇన్‌స్టాల్ చెయ్యడం పెద్ద విషయం కాదు, ఉబుంటులో ఒకటి రెండు కమాండ్లు కొడితే డేటాబేస్ తో సహా వచ్చి కూర్చుంటది. అసలు కథ "ఇదిగో నా డిస్కు, బ్యాకప్ అంతా ఇందులో రాయి" అని దానికి చెప్పే దగ్గర మొదలవుద్ది. నాకు మొదటిసారి రెండు ఆదివారాలు దీనికే పోయాయి, అది కూడా ఒకే ఒక్క లైన్ వల్ల. ఆ లైన్ పేరు మీడియా టైప్. మిగతావన్నీ చెప్తా గానీ దాని దగ్గర మాత్రం కాసేపు కూర్చుంటా.

ముందు నా సెటప్ ఏంటో చెప్పేస్తా, లెక్కలన్నీ దాని మీదే వస్తాయి కాబట్టి. చిన్న ఆఫీసు, ఒక లినక్స్ సర్వరు, దాని లోపల బ్యాకప్ కోసమే వేరేగా 4 టీబీ డిస్కు, ఎనిమిది విండోస్ సిస్టమ్స్, అన్నీ కలిపి దగ్గర దగ్గర 300 జీబీ డేటా, ఇంకా వారానికొకటి మార్చి మార్చి ఇంటికి పట్టుకెళ్లే రెండు యూఎస్‌బీ డిస్కులు. కాన్ఫిగ్ ఫైల్లో పేర్లన్నీ ఇంగ్లీష్ లోనే కొట్టాలి, నేను ఇక్కడ పలికినట్టు రాస్తున్నా, చూస్తే మీకే తెలిసిపోద్ది. బేరియోస్ వాడేవాళ్లకి కూడా ఇందులో చాలావరకు పనికొస్తది, అది బాక్యులా నుంచి విడిపోయిన కాపురమే, డివైస్ దగ్గర పద్ధతులు దాదాపు అవే.

బాక్యులా ఒక ప్రోగ్రామ్ కాదు, మూడు. 2000 లో కెర్న్ సిబాల్డ్ దీన్ని మొదలుపెట్టినప్పటి నుంచి డిజైన్ అదే, పని పురమాయించే మేస్త్రి డైరెక్టర్, ప్రతి సిస్టమ్ లో కూర్చుని ఫైళ్లు చదివి పంపేది ఫైల్ డీమన్ (డీమన్ అంటే వెనకాల నడుస్తా ఉండే ప్రోగ్రామ్), వచ్చిన సరుకు తీసుకుని డిస్కులోనో టేపులోనో సర్దేది స్టోరేజ్ డీమన్, అంటే గోడౌన్ గుమాస్తా అనుకోండి. పోర్టులు వరసగా 9101, 9102, 9103. ఇక్కడ అర్థం కావాల్సింది ఏంటంటే, మేస్త్రి ఎప్పుడూ గోడౌన్ కి వెళ్లడు. డైరెక్టర్ కి మీ డిస్కు ఏ ఫోల్డర్లో మౌంట్ అయ్యిందో, అంటే తగులుకుందో తెలీదు, తెలుసుకోవాలని కూడా అనుకోదు. దాని దగ్గర ఉండేది ఒక ఖాతా పుస్తకం, క్యాటలాగ్ అంటారు, అందులో ఫలానా ఫైలు ఫలానా వాల్యూమ్ లో (డిస్కులో అయితే బ్యాకప్ అంతా రాసే ఒక పెద్ద ఫైలు) ఉంది, ఆ వాల్యూమ్ ఫలానా మీడియా టైప్ ది అని రాసుకుంటది.

సరే, పనిలోకి. మొదట డిస్కు సంగతి, ఇది బాక్యులా ఫైళ్లు ముట్టుకోకముందే అయిపోవాలి. ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌టి4 గానీ ఎక్స్‌ఎఫ్‌ఎస్ గానీ వెయ్యండి, షాపులో కొన్న యూఎస్‌బీ డిస్కు ఎలా వస్తే అలా వాడకండి, ఎక్స్‌ఫ్యాట్ లో లినక్స్ ఓనర్షిప్, పర్మిషన్లు ఉండవు, ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలే పట్టదు. ఎక్స్‌టి4 వేస్తే ఇంకో చిన్న పని ఉంది, అది మామూలుగా 5 శాతం జాగా రూట్ యూజర్ కోసం పక్కన పెట్టుకుంటది, 4 టీబీ డిస్కులో అది 200 జీబీ, స్టోరేజ్ డీమన్ సాధారణంగా బాక్యులా అనే మామూలు యూజర్ గా నడుస్తది కాబట్టి ఆ 200 జీబీ దానికి దక్కదు. ట్యూన్2ఎఫ్ఎస్ అనే కమాండ్ తో ఆ శాతాన్ని సున్నా చేసెయ్యండి, ఇది డేటా డిస్కే గానీ సిస్టమ్ డిస్కు కాదుగా.

తర్వాత ఎఫ్‌ఎస్‌ట్యాబ్ లో ఎంట్రీ, బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కు ఎక్కడ మౌంట్ అవ్వాలో చెప్పే ఫైలు అది. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లతో పెట్టొద్దు, ఇంకో పెన్‌డ్రైవ్ పెట్టి రీబూట్ చేస్తే అవి అటూ ఇటూ మారిపోతాయి, డిస్కుకి ఉండే మారని గుర్తింపు నంబరు, అంటే యూయూఐడీ తోనే పెట్టండి. పక్కన నోఫెయిల్ అని కూడా రాయండి, లేకపోతే డిస్కు పెట్టడం మర్చిపోయిన రోజు సర్వరు బూటే అవ్వకుండా నల్ల స్క్రీన్ చూపిస్తా కూర్చుంటది.

కానీ నోఫెయిల్ పెట్టాక ఒక గుంట ఉంది, నేను అందులో నిండా పడ్డా. ఎండాకాలం, రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ కాసేపు లాక్కొచ్చి చేతులెత్తేసింది, కరెంటు వచ్చాక సర్వరు దానంతటదే లేచింది గానీ డిస్కు లేవలేదు. మౌంట్ పాయింట్ ఫోల్డర్ మాత్రం ఖాళీగా ఉంది కదా, స్టోరేజ్ డీమన్ కి ఫోల్డర్ కనిపించింది, రాసే పర్మిషన్ కూడా ఉంది, దానికింకేం కావాలి, శుభ్రంగా అందులోకే బ్యాకప్ రాసింది. అంటే సిస్టమ్ ఉన్న డిస్కులోకి. పొద్దున వెళ్లి చూస్తే రూట్ పార్టిషన్ 100 శాతం, డేటాబేస్ ఆగిపోయింది, మెయిల్ ఆగిపోయింది, లాగిన్ అవ్వడానికే తల ప్రాణం తోకకొచ్చింది.

దీనికి మందు చాలా చిన్నది. డిస్కు మౌంట్ అయిన ఫోల్డర్ నే బాక్యులాకి చూపించకండి, డిస్కు మౌంట్ చేశాక దాని లోపల ఇంకో ఫోల్డర్ చేసి దాన్ని చూపించండి. ఎంఎన్‌టి కింద బ్యాకప్1 దగ్గర డిస్కు మౌంట్ అయితే, అందులో వాల్యూమ్స్ అని ఒక ఫోల్డర్ చేసి, బాక్యులా యూజర్ ని దానికి ఓనర్ చెయ్యండి, పైన ఉన్న బ్యాకప్1 మాత్రం రూట్ పేరు మీదే ఉండనివ్వండి. డిస్కు మౌంట్ కాకపోతే వాల్యూమ్స్ ఫోల్డరే ఉండదు, బ్యాకప్ జాబ్ ఎర్రర్ తో ఆగుద్ది, మీకు మెయిల్ వస్తది, సిస్టమ్ బతుకుద్ది. రెడ్‌హ్యాట్ వైపు సిస్టమ్స్ వాడేవాళ్లు ఎస్‌ఈలినక్స్ అనే అదనపు కాపలా సంగతి కూడా చూసుకోండి, పర్మిషన్లన్నీ కరెక్టుగా ఉన్నా "పర్మిషన్ డినైడ్" అంటోందంటే తొంభై పాళ్లు అదే.

ఇప్పుడు స్టోరేజ్ డీమన్ కాన్ఫిగ్ ఫైలు తెరవండి, ఈటీసీ ఫోల్డర్లో బాక్యులా కింద ఉంటది, పేరు చివర ఎస్‌డీ అని ఉంటది. అందులో డివైస్ అనే బ్లాకు మీ డిస్కు తాలూకు బ్లాకు. ముందే ఉన్న శాంపిల్ ని అలా వదిలెయ్యకండి, ఆర్కైవ్ డివైస్ అనే లైన్ దగ్గర ఏదో ఉత్తుత్తి పాత్ గానీ టెంప్ ఫోల్డర్ గానీ ఇచ్చి ఉంటారు, అక్కడ మన వాల్యూమ్స్ ఫోల్డర్ పూర్తి పాత్ ఇవ్వాలి. డివైస్ టైప్ ఫైల్. లేబుల్ మీడియా యెస్, దీంతో కొత్త వాల్యూములకి బాక్యులానే పేరు పెట్టుకుంటది, మీరు రాత్రి రెండింటికి లేచి లేబుల్ కొట్టక్కర్లేదు. రాండమ్ యాక్సెస్ యెస్, ఆటోమేటిక్ మౌంట్ యెస్. లోపలి డిస్కుకి రిమూవబుల్ మీడియా నో, యూఎస్‌బీకి యెస్. ఆల్వేస్ ఓపెన్ అనేది టేపు కోసం పుట్టిన ఆప్షన్, డిస్కుకి నో పెట్టెయ్యండి. ఇవన్నీ ఒకసారి పెట్టి మర్చిపోయేవే.

ఇక మీడియా టైప్. పేరు చూస్తే ఏమనిపిస్తది? డిస్కా, టేపా, డీవీడీనా అని అడుగుతోంది అనుకుంటాం, శాంపిల్ లో కూడా ఫైల్1 అని ఉంటది కాబట్టి అన్ని డిస్కులకీ అదే వేసుకుంటా పోతాం. నేను అదే చేశా, లోపలి డిస్కుకి ఫైల్1, యూఎస్‌బీకి కూడా ఫైల్1. నిజానికి అది రకం కాదు, ఇంటి అడ్రసు. డైరెక్టర్ దగ్గర ఖాతా పుస్తకంలో అది ఉంటది అని పైన చెప్పా కదా, ఒక వాల్యూమ్ మీడియా టైప్ ఫైల్1 అని రాసుకుంటే, ఫైల్1 అని పేరున్న ఏ డివైస్ లో అయినా అది దొరుకుద్ది అని దాని నమ్మకం. ఊళ్లో ఇద్దరు రామారావు గార్లుంటే శుభలేఖ ఒకళ్లది ఇంకొకళ్లింటికి పోయినట్టు, యూఎస్‌బీలో ఉన్న వాల్యూమ్ కోసం లోపలి డిస్కు ఫోల్డర్లో వెతుకుద్ది, అక్కడ ఆ పేరుతో ఫైలు ఉండదు, "ఫలానా వాల్యూమ్ మౌంట్ చెయ్యండి" అని మెసేజ్ పెట్టి అలా ఎదురుచూస్తా ఉంటది.

ఇందులో అసలు బాధ ఏంటంటే ఇది మొదటి రోజే బయటపడదు. బ్యాకప్ చాలాసార్లు బానే నడుస్తది, ఎందుకంటే రాసేటప్పుడు జాబ్ లో ఏ స్టోరేజ్ అని మనమే చెప్పి ఉంటాం. రీస్టోర్ కొట్టినప్పుడు, అంటే ఎవరో ఫోల్డర్ డిలీట్ చేసేసి మీ టేబుల్ దగ్గర నిలబడినప్పుడు, అప్పుడు బయటపడుద్ది. అందుకే ఒకటే నియమం పెట్టుకోండి: ఫోల్డర్ మారితే మీడియా టైప్ మారాలి. నా దగ్గర లోపలి డిస్కుకి ఇంటర్నల్4టీ, యూఎస్‌బీలకి యూఎస్‌బీ-ఎరుపు, యూఎస్‌బీ-నీలం, డిస్కుల మీద అదే రంగు టేపు ముక్క అంటించా, ఆఫీసులో ఎవరికి ఫోన్ చేసి "ఎరుపుది పెట్టండి అన్నా" అన్నా చాలు. ఇంకోటి, వాల్యూములు రాయడం మొదలయ్యాక మీడియా టైప్ పేరు మార్చడం అంటే కొరివితో తల గోక్కోవడమే, క్యాటలాగ్ లో పాత వాల్యూములన్నీ పాత పేరుతోనే ఉంటాయి. మొదట్లోనే ఆలోచించి పెట్టండి.

దీనికి తిరగేసిన విషయం కూడా ఉంది. ఒక డివైస్ లో ఒక టైమ్ కి ఒక్క వాల్యూమే ఉంటది, డిస్కే అయినా సరే, దాని బుర్రలో అదింకా టేపు డ్రైవే. అందుకని రెండు వేర్వేరు పూల్స్ కి (పూల్ అంటే వాల్యూముల గుంపు) చెందిన జాబులు ఒకే డివైస్ కి వస్తే రెండోది లైన్లో నిలబడాల్సిందే, లేదా మీరు బ్యాకప్ నడుస్తుండగా రీస్టోర్ కొడితే అది అయ్యేదాకా ఆగాల్సిందే. పరిష్కారం, ఒకే ఫోల్డర్ కి రెండు మూడు డివైసులు పెట్టడం, వీటన్నిటికీ మీడియా టైప్ మాత్రం ఒకటే, ఎందుకంటే ఇల్లు ఒకటే, తలుపులు మూడు. తర్వాత ఆటోఛేంజర్ అనే బ్లాకులో ఆ మూడు పేర్లూ రాసి, ఛేంజర్ డివైస్ దగ్గర డెవ్ నల్, ఛేంజర్ కమాండ్ దగ్గర ఖాళీ కోట్స్ ఇవ్వాలి, నిజంగా టేపులు మార్చే మెషిన్ లేదు కాబట్టి. కొత్త వెర్షన్ల శాంపిల్ ఫైల్లో ఇలాంటిది ఒకటి రెడీగా ఉంటది, కాపీ చేసుకుని పేర్లు మార్చుకోవడమే. మూడింటికీ మ్యాగ్జిమమ్ కాంకరెంట్ జాబ్స్ ఒకటి పెట్టా నేను, ఒక వాల్యూమ్ లో నాలుగు సిస్టమ్స్ డేటా పేకముక్కల్లా కలిసిపోకుండా.

ఇప్పుడు డైరెక్టర్ ఫైలు. అక్కడ స్టోరేజ్ అనే బ్లాకులో డివైస్ దగ్గర మనం ఇందాక పెట్టిన ఆటోఛేంజర్ పేరు అక్షరం తేడా లేకుండా రాయాలి, కింద ఆటోఛేంజర్ యెస్ అనాలి, మీడియా టైప్ అదే ఉండాలి, పాస్‌వర్డ్ స్టోరేజ్ డీమన్ ఫైల్లో డైరెక్టర్ బ్లాకులో ఏముందో అదే ఉండాలి. ఇక్కడ కూడా మ్యాగ్జిమమ్ కాంకరెంట్ జాబ్స్ ఇవ్వండి, ఇవ్వకపోతే ఒకటే అనుకుంటది, అప్పుడు మూడు తలుపులు పెట్టి ఏం లాభం, వరసగా ఒక్కొక్కళ్లే వెళ్తారు.

అడ్రస్ లైన్ దగ్గర ఆగండి. రెండూ ఒకే సర్వర్లో ఉన్నాయి కదా అని లోకల్‌హోస్ట్ అని రాస్తారు, సర్వరు తన బ్యాకప్ తను తీసుకున్నంతసేపు బానే ఉంటది, విండోస్ సిస్టమ్ బ్యాకప్ దగ్గరకొచ్చేసరికి వేలాడుద్ది. ఎందుకంటే డేటా డైరెక్టర్ గుండా పోదు, డైరెక్టర్ ఆ విండోస్ సిస్టమ్ కి "స్టోరేజ్ ఈ అడ్రసులో ఉంది, నేరుగా వెళ్లి ఇచ్చెయ్" అని చెప్తది, మీరు రాసిన అడ్రసే ఇస్తది, పాపం ఆ సిస్టమ్ లోకల్‌హోస్ట్ అంటే నేనే కదా అనుకుని తన తలుపు తనే కొట్టుకుంటా ఉంటది. సర్వర్ ఐపీ గానీ అందరికీ రిజాల్వ్ అయ్యే పేరు గానీ ఇవ్వండి, ఫైర్‌వాల్ లో 9103 తెరవండి.

సేవ్ చేశాక నేరుగా రీస్టార్ట్ కొట్టకండి. డైరెక్టర్ ప్రోగ్రామ్ నీ స్టోరేజ్ ప్రోగ్రామ్ నీ మైనస్ టి ఆప్షన్ తో నడిపితే ఫైలు చదివి తప్పులుంటే చెప్తాయి, ఏమీ అనకుండా బయటికొస్తే ఓకే. తర్వాత డైరెక్టర్ కి బీకన్సోల్ లో (బాక్యులాకి కమాండ్లు కొట్టే కన్సోల్ అది) రీలోడ్ చాలు, స్టోరేజ్ డీమన్ కి మాత్రం రీస్టార్టే దారి, ఆ టైమ్ లో నడుస్తున్న జాబులు పోతాయి, కాబట్టి ముందు స్టేటస్ చూసుకుని చెయ్యండి. బీకన్సోల్ లో స్టేటస్ స్టోరేజ్ కొడితే మీ మూడు డివైసులూ పేర్లతో కనిపించాలి.

పూల్ సంగతి కూడా ఇందులోనే చెప్పాలి, డిస్కు నిండకుండా ఆపేది అదే. బాక్యులాకి డిస్కులో ఎంత ఖాళీ ఉందో పట్టదు, వాల్యూమ్ సైజూ వాల్యూముల సంఖ్యా మీరు కట్టడి చేస్తేనే ఆగుద్ది. 4 టీబీ డిస్కు అంటే కంప్యూటర్ లెక్కలో దాదాపు 3725 జీబీ. మ్యాగ్జిమమ్ వాల్యూమ్ బైట్స్ 50జీ, మ్యాగ్జిమమ్ వాల్యూమ్స్ 65 పెట్టా, 3250 అయ్యింది, మిగతాది ఊపిరి తీసుకోడానికి. ఉత్త జీ అని రాస్తే 1024 లెక్క, జీబీ అని రాస్తే 1000 లెక్క, బాక్యులాలో ఈ రెండూ వేరు. లేబుల్ ఫార్మాట్ దగ్గర ఇంటర్నల్ అని రాసి చివర డ్యాష్ పెట్టండి, వెనకాల నంబర్లు అదే వేసుకుంటది.

వాల్యూమ్ రిటెన్షన్, అంటే వాల్యూమ్ ని చెరపకుండా ఉంచే గడువు, మీరు ఏమీ చెప్పకపోతే 365 రోజులు. మా లెక్కలో వారానికొక ఫుల్ 300 జీబీ, రోజువారీ ఇంక్రిమెంటల్ (మారిన ఫైళ్లు మాత్రమే) ఒక 10 జీబీ, ఏడాది పాటు ఏదీ చెరపకూడదంటే ఇలాంటి డిస్కులు ఐదారు కావాలి. 45 రోజులు పెడితే ఏడు ఫుల్స్ 2100, ఇంక్రిమెంటల్స్ 450, మొత్తం 2550, అంటే 51 వాల్యూములు, 65 లో హాయిగా సరిపోద్ది. ఆటోప్రూన్ యెస్, రీసైకిల్ యెస్, గడువైన వాల్యూములని మళ్లీ వాడుకోడానికి. రిటెన్షన్ అయిపోయింది కదా డిస్కులో జాగా వచ్చిందా అని ఖాళీ చూపించే డీఎఫ్ కమాండ్ కొట్టి కంగారు పడకండి, ఫైళ్లు అలాగే ఉంటాయి, వాటి మీదే మళ్లీ రాస్తది. ఇంకో మెలిక, పూల్ లో నంబర్లు మారిస్తే కొత్త వాల్యూములకే వర్తిస్తాయి, పాతవాటికి కన్సోల్ లో అప్‌డేట్ కమాండ్ లో వాల్యూమ్ ఫ్రమ్ పూల్ అని విడిగా చెప్పాలి. నాకు తెలిసినవాళ్లలో సగం మంది ఇక్కడ "మార్చాను బాబూ, పనిచెయ్యట్లా" అని ఫోన్ చేసినవాళ్లే.

యూఎస్‌బీ డిస్కులకి ఒక్కోదానికి ఒక డివైస్, ఒక మీడియా టైప్, ఒక స్టోరేజ్, ఒక పూల్. పూల్ లోనే స్టోరేజ్ పేరు కూడా రాసేస్తే షెడ్యూల్ లో ఈ వారం ఎరుపు పూల్, వచ్చే వారం నీలం పూల్ అని మాత్రం చెప్తే చాలు. వీటికి వేరే పేరుతో జాబ్ పెట్టి ఎప్పుడూ ఫుల్ బ్యాకప్పే తీయండి. అదే జాబ్ వాడితే ఫుల్ ఎరుపులో పడి, దాని మీది ఇంక్రిమెంటల్స్ ఇంకోచోట పడి, రీస్టోర్ టైమ్ కి ఎరుపు డిస్కు మీ ఇంటి బీరువాలో ఉంటది. పీకేటప్పుడు ముందు బీకన్సోల్ లో అన్‌మౌంట్, తర్వాత లినక్స్ లో అన్‌మౌంట్, అప్పుడు వైరు. మళ్లీ పెట్టాక లినక్స్ లో మౌంట్ చేసి ఊరుకుంటే కాదు, బీకన్సోల్ లో కూడా మౌంట్ కొట్టాలి, లేకపోతే స్టేటస్ లో "బ్లాక్డ్, యూజర్ అన్‌మౌంటెడ్" అని పెట్టుకుని శనివారం రాత్రంతా అలిగి కూర్చుంటది. నాలుగైదు డిస్కులు తిప్పేవాళ్లయితే వీచేంజర్ అనే టూల్ ఉంది, అది చూడండి, రెండిటికి అంత హంగామా అక్కర్లేదు.

టేపు ఉన్నవాళ్లకి రెండు ముక్కలు. ఆర్కైవ్ డివైస్ దగ్గర ఎస్‌టీ0 కాదు, ఎన్‌ఎస్‌టీ0 ఇవ్వాలి, ముందున్న ఎన్ అంటే రివైండ్ చెయ్యొద్దని, అది లేకపోతే మూసిన ప్రతిసారీ టేపు మొదటికి పోయి రాసినదాని మీదే రాస్తది. బీటేప్ అనే టూల్ లో టెస్ట్ కమాండ్ పూర్తిగా పాసయ్యేదాకా అసలు డేటా పెట్టొద్దు. పాత డ్రైవ్ అమ్మేసి కొత్తది కొనేముందు పాత టేపులు అందులో చదవబడతాయో లేదో చూసుకోండి, ఎల్‌టీఓ అనే టేపు రకంలో ఎల్‌టీఓ-7 డ్రైవ్ రెండు తరాల వెనకవి చదివేది, ఎల్‌టీఓ-8 కి వచ్చేసరికి ఒక్క తరమే.

కరెంటు పోయి సర్వరు దబ్బున ఆగిపోతే తర్వాత రోజు లాగ్ లో వాల్యూమ్ సైజు క్యాటలాగ్ తో కలవట్లేదని చెప్పి ఒక్కోసారి ఆ వాల్యూమ్ ని ఎర్రర్ లో పడేస్తది. భయపడకండి, అందులో ముందు పూర్తయిన జాబులు మామూలుగా రీస్టోర్ అవుతాయి, ఇక దాంట్లో కొత్తగా రాయదు అంతే. 50జీ లాంటి చిన్న సైజులు పెట్టుకోమనేది కూడా ఇందుకే, పోతే ఒక ముక్క పోద్ది.

ఇక పరీక్ష. ఒక సిస్టమ్ లో చిన్న ఫోల్డర్ బ్యాకప్ కొట్టండి, మెసేజెస్ లో బ్యాకప్ ఓకే అని రాగానే లేచి వెళ్లిపోకండి, ఇల్లలకగానే పండగ కాదు. రీస్టోర్ కమాండ్ కొట్టి, చివరి బ్యాకప్ నుంచి అనే ఆప్షన్ పట్టుకుని, ఏదైనా ఒక ఎక్సెల్ ఫైలు మార్క్ చేసి, ఎక్కడికి అనే చోట వేరే ఫోల్డర్ ఇచ్చి తెప్పించండి, పాతదాని మీద రాయనివ్వొద్దు. ఇదే పని ప్రతి డివైస్ కి విడివిడిగా చెయ్యాలి, ఎరుపుకి, నీలానికి, లోపలిదానికి. జాబ్ కదలకుండా వాల్యూమ్ మౌంట్ చెయ్యమని అడుగుతోందంటే మళ్లీ మీడియా టైప్ లైన్ దగ్గరికే వెళ్లండి, రెండు ఫైళ్లూ పక్కపక్కన తెరిచి అక్షరం అక్షరం పోల్చండి, నాకు రెండో ఆదివారం సాయంత్రం దొరికింది అక్కడే. ఎక్సెల్ తెరుచుకుని లోపల అంకెలు కనిపిస్తే ఆ డిస్కు పీకి సంచిలో వేసుకుని, రెండోది తగిలించి మళ్లీ మొదటి నుంచి.